రంగం రేవులో దిగిన తెలుగువాడు

రంగం వెళ్లే స్టీమరు విశాఖపట్నం ఒడ్డుకు వచ్చేది కాదు. 1933లో లోపలి హార్బరు తెరిచేదాకా ఆ ఊళ్లో ఓడ ఆనుకుని నిలబడే రేవే లేదు. స్టీమరు దూరాన లంగరు వేసుకుంటే, జనం మసూలా పడవలెక్కి దాని దగ్గరికి పోవాలి. మసూలా పడవకు మేకులుండవు. పలకల అంచుల వెంట బెజ్జాలు వేసి కొబ్బరిపీచు తాళ్లతో కుట్టేవారు. ఒడ్డున విరిగే కెరటాల మీద మేకులు దిగ్గొట్టిన పడవైతే పగిలిపోతుంది. కుట్టిన పడవ దెబ్బకు వంగి మళ్లీ సర్దుకుంటుంది. నెత్తిన మూటతో, తడిసిన పంచెతో, ఊగే పడవలోంచి స్టీమరు నిచ్చెన అందుకోవడం పల్లెటూరి మనిషికి పరదేశ ప్రయాణంలో మొదటి పరీక్ష. భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లోనూ ఇదే తీరు. కాకినాడలో తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. అక్కడ పడవలు కాలువలోంచి బయల్దేరి మైళ్లకొద్దీ పోయి ఓడను అందుకునేవి.

ఆ ఓడ చేరే ఊరు రంగూన్. తెలుగువాళ్లకు రంగం. ఇప్పటి పేరు యాంగోన్. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి 1941 దాకా గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల పల్లెల్లో మనిషి కనబడడం లేదంటే రంగం పోయి ఉంటాడనుకునేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. అందులో తెలుగువాళ్లు లక్షన్నరకు పైనే. రంగూన్ జనాభా నాలుగు లక్షలైతే సగం కంటే ఎక్కువమంది భారతీయులే. ఇరవయ్యో శతాబ్దం మొదటి మూడు దశాబ్దాల్లో వచ్చి దిగే వలస జనం లెక్కలో ఈ రేవు న్యూయార్కుతో పోటీ పడిందని చరిత్రకారులు రాశారు.

ఈ అంకెలు చాలా పుస్తకాల్లో ఉన్నాయి. వాటి వెనక ఉన్న మనిషి మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నాడు, ఎవరితో కలిసి తిన్నాడు, దారి తప్పితే ఎవర్ని అడిగాడు, జ్వరమొస్తే ఎవరు చూశారు? తెలుగువాళ్ల చరిత్రలో రాజుల దండయాత్రలకు దొరికిన చోటు ఈ ప్రశ్నలకు దొరకలేదు. దొరకవలసిందే. కోస్తా ఆంధ్రలో ఎన్నో కుటుంబాల పొలాలు, పెంకుటిళ్లు, ఆడపిల్లల పెళ్లిళ్లు ఆ ఊరి కూలి డబ్బుతోనే నడిచాయి.

రంగూన్ పాత ఊరే, కానీ ఆ నగరం కొత్తది. 1852 యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు దాన్ని పట్టుకున్నాక, డాక్టర్ మాంట్‌గోమరీ ఆలోచన మీద అలెగ్జాండర్ ఫ్రేజర్ అనే ఇంజనీరు నగరానికి కొత్త నమూనా గీశాడు. నది ఒడ్డున చిత్తడి నేలను పూడ్చి, సూలే పగోడాను నడిబొడ్డున ఉంచి, వీధుల్ని గళ్లు గళ్లుగా కొట్టారు. వెడల్పాటి రోడ్లకు దొరల పేర్లు పెట్టారు: డల్హౌసీ, ఫ్రేజర్. వాటి మధ్య నిలువునా పోయే సన్నటి వీధులకు నంబర్లే పేర్లు. చదువు రాని మనిషికి ఇది ఒక విధంగా మేలు చేసింది. దక్షిణాన నది, మధ్యలో సూలే గోపురం, ఉత్తరాన ఎక్కడి నుంచి చూసినా మెరిసే ష్వేడగాన్. ఈ మూడూ గుర్తుంటే ఊళ్లో తప్పిపోవడం కష్టం.

1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి యూరప్ దారి దగ్గరైంది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి లక్షల ఎకరాలు వరిసాగు కిందికి తెచ్చారు. ఆ సాగు చేసింది ఎక్కువగా బర్మా రైతులే. పెట్టుబడి అప్పులిచ్చింది తమిళ చెట్టియార్లు. ధాన్యం మిల్లాడించి ఓడకెక్కించే కూలీలు మాత్రం సముద్రం దాటి రావలసి వచ్చింది. కొత్త భూములు దొరుకుతున్నప్పుడు బర్మా రైతుకు రేవులో బస్తాలు మోసే అవసరం లేదు. బంగాళాఖాతానికి ఇటుపక్కన కరువులు, కౌలు బాధలు, చాలీచాలని కూలి. 1882లో బర్మా ప్రభుత్వం కూలీల్ని తెచ్చే స్టీమర్లకు కొంతకాలం డబ్బు సాయం కూడా చేసింది. తర్వాత ఆ సాయం అవసరం లేకుండానే ఓడలు నిండాయి.

అంతకు ముందు నుంచే గోదావరి ముఖద్వారంలోని కోరంగి ఓడలు బర్మా తీరానికి తిరుగుతుండేవి. 1839 తుపానుకు కోరంగి ఊరు చితికిపోయింది, రేవు పూడిపోతూ వచ్చింది, వ్యాపారం కాకినాడకు తరలింది. అయినా ఆ ఊరి పేరు రంగూన్‌లో బతికింది. శ్రీకాకుళం పక్క నుంచి వచ్చినా, పిఠాపురం పక్క నుంచి వచ్చినా, అక్కడి దొరలకూ బర్మావాళ్లకూ తెలుగు కూలీలంతా కొరంగీలే.

ఓడ దిగే ముందు వైద్య పరీక్ష, మశూచి టీకా. 1905లో ప్లేగు రంగూన్‌కు చేరాక తనిఖీలు మరీ బిగిశాయి. బెంగాలీ రచయిత శరత్ చంద్ర చటోపాధ్యాయ 1903లో బతుకుదెరువుకు రంగూన్ వెళ్లి పదమూడేళ్లున్నాడు. బొటటాంగ్, పజున్‌డాంగ్ ప్రాంతంలో మిల్లు మిస్త్రీల మధ్య కాపురమున్నాడు. ఆయన 'శ్రీకాంత్' నవల రెండో భాగంలో డెక్కు ప్రయాణీకుల పాట్లూ, ప్లేగు భయంతో జనాన్ని క్వారంటీనులో పెట్టడమూ ఉన్నాయి. శరత్‌ను సొంత రచయితగా చేసుకుని చదివిన తెలుగువాళ్లకు, ఆ డెక్కు లాంటి డెక్కుల మీదే తమ జిల్లాల జనమూ వేలాదిగా ప్రయాణించారన్న సంగతి గుర్తుకు రావాలి. తెలుగులో ఆ ప్రయాణాన్ని అంత దగ్గరగా చూసి రాసిన నవల లేకపోవడం పెద్ద లోటు.

రేవులో దిగిన కొత్త మనిషి ఒంటరివాడు కాడు. అతనికి ముందే మేస్త్రీ ఉన్నాడు.

నిజానికి కథ మేస్త్రీతో ఊళ్లోనే మొదలవుతుంది. పంటల మధ్య ఖాళీ రోజుల్లో మేస్త్రీ సొంత ఊరికి, చుట్టుపక్కల ఊళ్లకు వస్తాడు. ఒంటి మీద రంగం బట్టలు, చేతిలో నగదు. ఇంటిల్లిపాదికీ తెలిసినవాడు, చాలాసార్లు సొంత కులంవాడు, ఏదో వరస కలిసేవాడు. ఓడ చార్జీ అతనిస్తాడు. ఇంట్లో అప్పుంటే తీర్చడానికి కొంత బయానా ఇస్తాడు. ఆ మొత్తానికి పత్రం రాయించుకుంటాడు. రంగూన్‌లో దిగాక ఆ బాకీ తీరేదాకా కూలి అతని చేతుల మీదుగానే రావాలి. పైన కంపెనీతో ఒప్పందం చేసుకునే కాంట్రాక్టరు, కింద పెద్ద మేస్త్రీ, ఆ కింద చార్జి మేస్త్రీ, అడుగున ముఠా మేస్త్రీ. కంపెనీ ఇచ్చిన కూలి ఈ మెట్లన్నీ దిగి వచ్చేసరికి ఒక్కో మెట్టు దగ్గర కొంత తరిగేది. కార్మికుల పరిస్థితుల మీద విచారణకు 1929లో ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్ రంగూన్‌కూ వెళ్లింది. 1933లో ఇ.జె.ఎల్. ఆండ్రూ రంగూన్‌లోని భారతీయ కూలీల మీద రాసిన పుస్తకం ఈ మేస్త్రీల వ్యవస్థను వివరంగా చర్చించింది.

మేస్త్రీని దోపిడీదారు అని తేల్చేయడం తేలిక. దోపిడీ జరిగింది, అందులో సందేహం లేదు. అయితే దిగిన రోజే నీడ, ఆ పూటే తిండి, మర్నాడే పని చూపించగలిగిన మనిషి ఆ నగరంలో ఇంకొకడు లేడు. మునిసిపాలిటీ చూపలేదు, మిల్లు చూపలేదు, ప్రభుత్వమూ చూపలేదు. కొత్త మనిషికి కావలసినవన్నీ ఒకే చేతిలో ఉండబట్టే ఆ చేతికి అంత బలం వచ్చింది. ముఠా వదిలి పోవాలనుకున్నవాడు పనిని ఒక్కదాన్నే వదులుకుంటే సరిపోదు. గదీ పోతుంది, తిండీ పోతుంది, ఊరికి కబురు మోసుకెళ్లే మనిషీ పోతాడు.

గది సంగతి. రంగూన్ నడిబొడ్డున స్థలాలు కొట్టిన తీరు వల్ల ఇళ్లు వీధివైపు సన్నగా, వెనక్కి పొడుగ్గా పెరిగాయి. పన్నెండున్నర అడుగుల ముఖం, యాభై అడుగుల లోతు. ఇప్పటికీ యాంగోన్ పాత వీధుల్లో ఈ కొలత ఇళ్లు వరసగా కనిపిస్తాయి. ముందొక వాకిలి, వెనకొక వాకిలి, మధ్యలో గాలి ఆడదు. ఇలాంటి అంతస్తుల్ని మేస్త్రీలు, ఇంటి గుత్తేదార్లు అద్దెకు తీసుకుని కూలీలతో నింపేవారు. గదికి ఇంతమంది అని మునిసిపాలిటీ లైసెన్సులో రాసేది. రాత్రి తనిఖీకి వచ్చిన ఉద్యోగులకు అంతకు చాలా ఎక్కువమంది కనబడేవారు. పగలు పనికి పోయినవాడి చాప మీద రాత్రి డ్యూటీ దిగినవాడు పడుకునేవాడు. ఎండాకాలంలో ఆ గదుల్లో ఉండలేక జనం వీధి పక్కన, నడవల్లో, రేవు గోదాముల అరుగుల మీద పడుకునేవారు. వానాకాలంలో ఆ వీలూ లేదు. రంగూన్‌లో మే నెల నుంచి అక్టోబరు దాకా వాన దంచి కొడుతుంది. విశాఖ మనిషి ఏడాదంతా చూసే వానకు రెండింతలకు పైనే అక్కడ ఆ కొద్ది నెలల్లో పడుతుంది.

ఆ గదుల్లో వంట ఒక్కటిగా సాగేది. ముఠాలో ఒకరు వండితే అందరూ డబ్బు వేసుకుని తినేవారు. ఈ పద్ధతి ఎంత విరివిగా ఉండేదంటే, రంగూన్ కార్మికుల జీవన వ్యయం మీద 1928లో జె.జె. బెన్నిసన్ నివేదిక తయారుచేసినప్పుడు, కుటుంబంతో ఉన్నవాళ్ల లెక్క వేరు, పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి గదుల్లో కలిసి వండుకునే ఒంటరి మగవాళ్ల లెక్క వేరు అని విడదీయవలసి వచ్చింది. తెలుగు, ఒరియా కూలీలను ఆ నివేదిక ఒక జట్టుగా చూపింది. అలాంటి మనిషి ఖర్చు పట్టీలో తిండి తర్వాత బరువైనది ఇంటికి పంపే మనియార్డరు. అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. అదే రూపాయి, అదే పోస్టాఫీసు. రంగూన్‌లో కట్టిన డబ్బు సోంపేటలోనో తునిలోనో ఇంటి గుమ్మంలో చేతికందేది. కార్డు రాయించడానికి చదువొచ్చిన ముఠావాడి దగ్గరికో, కూలికి రాసిపెట్టేవాడి దగ్గరికో పోయేవారు.

ఆ పరాయి ఊరి బజారులో తెలుగువాడికి ఒక ఊరట దొరికింది. బర్మావాళ్లు గోంగూర ఇష్టంగా తింటారు. వాళ్లు దాన్ని చిన్‌బాంగ్ అంటారు. రొయ్యలతో, వెదురు కొమ్ములతో వేయించుకుంటారు, పులుసు కాచుకుంటారు. బుట్ట ముందు కూర్చున్న బర్మా ఆడమనిషి దగ్గర కట్ట గోంగూర కొనుక్కోవడానికి భాష పెద్దగా అక్కర్లేదు. వాళ్ల నప్పి, అంటే మగ్గబెట్టిన చేపల ముద్ద, వాసన మాత్రం కొత్తవాళ్లలో చాలామందికి పడేది కాదు. ఉప్పుచేప తిని పెరిగిన తీరప్రాంతం మనుషులు కొన్నాళ్లకు దానికీ అలవాటు పడ్డారు.

పనుల్లో మెరుగైనది, కరుకైనది రెండూ రేవుదే. నది వెంబడి ఆలోన్, కెమెండైన్, పజున్‌డాంగ్ ప్రాంతాల్లో బియ్యం మిల్లులు బారులు తీరి ఉండేవి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా డెల్టా ధాన్యం పడవల మీద వచ్చి పడే రోజుల్లో మిల్లులు రాత్రింబవళ్లు ఆడేవి. పడవ నుంచి గోదాముకు, గోదాము నుంచి మిల్లుకు, మిల్లు నుంచి ఓడకు, ప్రతి గింజా ఎవరో ఒకరి నెత్తి మీదుగానో వీపు మీదుగానో వెళ్లవలసిందే. ధాన్యాన్ని నలభై ఆరు పౌన్ల బుట్టతో కొలిచేవారు. పడవకూ ఒడ్డుకూ మధ్య వేసిన పలక మీద, అది ఊగే లయకు అడుగు కలుపుతూ బస్తాతో నడవాలి. కొత్తవాడికి ఈ నడక పట్టుబడడానికే రోజులు పట్టేది. ఒక్క అడుగు తడబడితే పలక మీదున్న వరస అంతా ఆగిపోతుంది. మిల్లు రోజులు అయిపోయాక కొందరు తొలకరికి ఊరికి పోయేవారు, కొందరు రంగూన్‌లోనే వేరే పనులు వెతుక్కునేవారు. రెండు మూడేళ్లు ఉండి, ఇంటికి పోయి, మళ్లీ వచ్చేవాళ్లే ఎక్కువ. ఒక మనిషి తిరిగి పోగానే అతని చాప మీదికి అతని తమ్ముడో మేనల్లుడో వచ్చేవాడు.

రిక్షా లాగేవాళ్లలో తెలుగువాళ్లు చాలా ఎక్కువ. రిక్షాను అక్కడ లంచా అనేవారు. రెండు చక్రాల బండిని చేతులతో పట్టుకుని పరిగెత్తాలి. బండి సొంతం కాదు. యజమానికి రోజు అద్దె కట్టాక మిగిలిందే కూలి. 1906 నుంచి నగరంలో ఎలక్ట్రిక్ ట్రాములు నడిచాయి. ట్రాము పోని సన్నటి నంబరు వీధులు రిక్షావాళ్లవి. వాళ్లంత క్షుణ్ణంగా రంగూన్ వీధులు తెలిసినవాళ్లు బహుశా ఇంకెవరూ లేరు.

ఎవరూ చేయనొప్పని పనులూ తెలుగువాళ్ల మీదే పడ్డాయి. 1890 నాటికి రంగూన్ నడిబొడ్డున గాలి ఒత్తిడితో నడిచే మురుగు గొట్టాలు వేశారు. ఆ రోజుల్లో ఆసియాలో ఇలాంటి ఏర్పాటున్న ఊళ్లు అరుదు. ఆ గొట్టాలు అందని పేటల్లో మాత్రం పాకీపని మనుషుల చేతులతోనే సాగింది. దానికి తెలుగు దళితులను మేస్త్రీల ద్వారానే తెచ్చారు. కులం సముద్రం దాటితే పోతుందని నమ్మి ఓడ ఎక్కినవాళ్లను పని పంపకంలో కులం మళ్లీ పట్టుకుంది. అయినా ఊళ్లో వెట్టికి ముట్టని నగదు ఇక్కడ చేతికొచ్చింది, రంగూన్ చర్చిల్లో తెలుగులో ప్రార్థన చేసుకునే చోటు దొరికింది. ఆ మేరకు అది వాళ్లకు గొప్ప మార్పు. మిగతావాళ్లు తమ పేటల్లో రాముడి గుళ్లు కట్టుకున్నారు. శ్రీరామనవమికీ భజనలకూ ముఠాలు ముఠాలుగా కలిసేవారు.

జబ్బు చేస్తే? గదుల ఇరుకుకు క్షయ, విరేచనాలు, మలేరియా తోడయ్యాయి. 1921లో రామకృష్ణ మిషన్‌కు చెందిన స్వామి శ్యామానంద తూర్పు రంగూన్‌లో సేవాశ్రమం ఆసుపత్రి పనిని చేపట్టి పెంచారు. రేవు కూలీలు, మిల్లు కూలీలు దాన్ని తమ ఆసుపత్రి అనుకున్నారు. నా అన్నవాళ్లు లేని ఊళ్లో మంచం పట్టిన మనిషికి అది ఎంత అండో విడిగా చెప్పనక్కర్లేదు. సెలవుల్లేని రోజుకూలీకి రెండు వారాల జ్వరమంటే రెండు వారాల బాకీ.

ఇంతా చెప్పుకున్నాక ఒక సంగతి స్పష్టంగా అనాలి. ఈ మనుషులు రంగూన్‌కు అలవాటు పడ్డారు గాని బర్మాకు అలవాటు పడలేదు. తప్పు వాళ్లది మాత్రమే కాదు, నగరం కట్టుబడి అలా ఉంది. గదిలో తెలుగు, ముఠాలో తెలుగు. రేవులో, ట్రాములో, దుకాణంలో పని జరిగేది హిందుస్తానీలో. బర్మా రాజధానిలో బర్మా భాష రాకుండా ఏళ్లకేళ్లు గడిపేయొచ్చు. చాలాకాలం బర్మాలో ఉద్యోగం చేసిన జె.ఎస్. ఫర్నివాల్ ఇలాంటి సమాజాల మీదే తన ప్రసిద్ధ సిద్ధాంతం కట్టాడు: రకరకాల జనం పక్కపక్కన బతుకుతారు, బజారులో క్రయవిక్రయాల దగ్గర తప్ప కలవరు. మేస్త్రీ చేతిలో పడడం వల్ల కొత్త మనిషికి మొదటి రోజు ఎంత తేలికైందో, పదేళ్ల తర్వాత కూడా పక్కింటి బర్మావాడు అంత దూరంగా మిగిలిపోయాడు. కొందరు బర్మా ఆడవాళ్లను పెళ్లాడి అక్కడే స్థిరపడ్డారు. ఆ ఇళ్లలో పిల్లలు రెండు భాషలూ మాట్లాడారు. మొత్తం జనంలో వాళ్లు కొద్దిమందే.

ఆ దూరానికి మూల్యం 1930 మేలో కట్టవలసి వచ్చింది. ప్రపంచమంతటా ధరలు పడిపోతున్న రోజులు. పొలాలు పోగొట్టుకున్న బర్మా రైతులు పని వెతుక్కుంటూ పట్నానికి వస్తున్నారు. రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడ సరుకు దించే కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మావాళ్లను పెట్టుకున్నాయి. కొద్ది రోజుల్లో రాజీ కుదిరింది, మే 26 ఉదయం తెలుగువాళ్లు పనిలోకి తిరిగొచ్చారు. అప్పటిదాకా బరువు మోసిన బర్మా కూలీలకు ఇక మీరు అక్కర్లేదన్నారు. ఆ సంగతి వాళ్లలో చాలామందికి రేవుకు వచ్చాకే తెలిసింది. ఎగతాళి మాటలతో మొదలై కొట్లాట రేవు దాటి ఊరంతా పాకింది. రోజుల తరబడి రంగూన్ వీధుల్లో కత్తులు, ఇనుప కడ్డీలు తిరిగాయి. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్లే. వీధులన్నీ తెలిసిన రిక్షావాళ్లు వీధిలోకి రాలేక గదుల్లో తలుపులేసుకున్నారు. వేలమంది దొరికిన మొదటి ఓడెక్కారు. ఆ రోజుల్లో రంగూన్ మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కొలిస్ తర్వాత రాసిన 'ట్రయల్స్ ఇన్ బర్మా'లో ఈ అల్లర్లను కళ్లారా చూసిన మనిషిగా వర్ణించాడు.

రెండు పేదజాతులు ఒకరి కూడు ఒకరు లాక్కుంటున్నామనుకుని కొట్టుకున్నాయి. ఇద్దరినీ అలా ఎదురెదురు నిలబెట్టిన కంపెనీల మనుషులకు ఒక్క గాయం కాలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. అప్పటిదాకా పాస్‌పోర్టు ఊసే లేని ప్రయాణానికి కాగితాలు రాబోతున్నాయని తెలిసింది. 1941లో జేమ్స్ బాక్స్‌టర్ వలసల మీద నివేదిక వెలువడింది, దాని వెనకే రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. వలసకు పరిమితులు పెట్టిన ఆ ఒప్పందం మీద ఇండియాలో గట్టి నిరసన లేచింది. ఆ చర్చ తేలకముందే, డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. పట్టపగలు విమానాలు చూద్దామని వీధుల్లో నిలబడ్డ జనం మీద పడ్డాయవి. రెండు రోజుల తర్వాత మళ్లీ దాడి. రేవు కూలీలు ఊరు వదలడంతో రేవు ఆగిపోయింది.

ఓడల్లో చోటు ముందు దొరలకు, డబ్బున్నవాళ్లకు. కూలీలకు మిగిలింది నడక. కొందరు ప్రోమ్ మీదుగా ఆరకాన్ కొండలు దాటి టాంగప్ చేరి, అక్కడి నుంచి పడవల్లో అక్యాబ్ వైపు పోయారు. కొందరు చింద్విన్ నది మీది కలేవా దాటి, తము మీదుగా మణిపూర్ కొండలెక్కారు. దారిలో నీళ్లు లేవు, కలరా ఉంది, వానలొచ్చాక బురద. మణిపూర్ దారిలో భారతీయులకూ తెల్లవాళ్లకూ వేరువేరు ఏర్పాట్లున్నాయన్న ఫిర్యాదు దేశమంతా మారుమోగింది. నాలుగైదు లక్షలమంది ఇండియా చేరారు, వేలకు వేలమంది దారిలోనే పోయారు. చేరినవాళ్లలో విశాఖ, గోదావరి జిల్లాల జనం రైళ్లెక్కి ఊళ్లకు వచ్చారు. ఉత్తరాంధ్రలో చాలా ఇళ్లలో తాతల కాలం కథ అంటే ఈ నడక కథే.

యుద్ధం ముగిశాక కొంతమంది తిరిగి వెళ్లారు. వాళ్లు చూసిన రంగూన్ వేరు. 1948లో స్వతంత్రమైన దేశంలో విదేశీయులు పేరు నమోదు చేయించుకోవాలి, ఏటా రుసుము కట్టాలి, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి. కాగితం మీద వేలిముద్ర వేసేవాడికి ఆ దరఖాస్తు కొండంత. దరఖాస్తు పెట్టుకోనివాళ్లే ఎక్కువ. 1962లో నెవిన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964లో దుకాణాలన్నీ జాతీయమయ్యాయి. ఆ తర్వాత కొన్నేళ్లలో లక్షలకొద్దీ భారతీయులు బర్మా వదిలారు. వెంట తెచ్చుకునే నగదుకూ నగలకూ కఠినమైన పరిమితులు. మంగళసూత్రం కూడా తీయించుకున్నారన్న బాధ ఆ కుటుంబాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

వాళ్ల ఓడలు మద్రాసుకూ విశాఖపట్నానికీ వచ్చాయి. ఈసారి విశాఖలో ఓడ రేవును ఆనుకునే నిలబడింది. దిగినవాళ్లలో అక్కడే పుట్టి పెరిగి, తెలుగు దేశాన్ని ఎన్నడూ చూడనివాళ్లు చాలామంది. తమ తాతల జిల్లాలో వాళ్లు కొత్త మనుషులయ్యారు. యాస వేరు, తిండి వేరు, చేతిలో శరణార్థి కార్డు. ప్రభుత్వం క్యాంపులు పెట్టింది, ఇళ్ల స్థలాలిచ్చింది, చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చింది. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ విశాఖ సిటీ బస్సుల్లో, ఆటోల్లో వినబడుతుంది. చెన్నై రేవు దగ్గరి బర్మా బజారు కూడా బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు నిలబెట్టిందే. బర్మా నూడుల్స్‌ను చింతపండు నీళ్లతో, వేయించిన ఉల్లితో కలిపి అమ్మే అత్తో బండ్లు ఆ వీధులకు వాళ్లు తెచ్చినవే.

అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు యాంగోన్‌లోనూ, పెగూ, మోల్మీన్ పరిసర పల్లెల్లోనూ ఉన్నాయి. బయట బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. బడిలో బర్మా, గుళ్లో తెలుగు పాట. 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందు నుంచి ఆ దేశంలో ఉన్నవని గుర్తించిన జాతులకే పుట్టుకతో పూర్తి పౌరసత్వం ఇచ్చింది. ఇంగ్లీషువాళ్లతో మొదటి యుద్ధం మొదలైంది 1824లో; కొరంగీలు వచ్చింది ఆ తర్వాతే. అందువల్ల వాళ్లలో చాలామందికి దక్కింది అనుబంధ పౌరసత్వమో, దరఖాస్తు మీద వచ్చిన పౌరసత్వమో. పూర్తి పౌరులకు గులాబీ కార్డు, వీళ్లకు నీలం కార్డో ఆకుపచ్చ కార్డో. మూడో తరం పిల్లలకు పూర్తి పౌరసత్వం దొరికే వీలు చట్టంలో ఉంది. అది కావాలంటే తాత ఏ ఏడు వచ్చాడో, ఎక్కడ ఉన్నాడో చూపించే కాగితం ఉండాలి. ఆ తాతల్లో చాలామంది పేరు కంపెనీ పుస్తకాల్లో లేదు, మేస్త్రీ పట్టీలో ఉండేది. ఆ పట్టీలు యుద్ధంలో పోయాయి.